మందు చేతికిస్తే సరిపోదు

సంపాదకులకు నమస్కారం.

అభివృద్ధి చెందుతున్న దేశాల్లో స్త్రీలు గర్భనిరోధకాలు ఎందుకు వాడరన్న చర్చ వచ్చినప్పుడల్లా ‘చదువు లేదు, అవగాహన లేదు’ అనే మాటతో సరిపెడుతున్నారు. ఇది ఆ స్త్రీలకు జరుగుతున్న అన్యాయం. గర్భం వద్దనుకుంటూనే ఆధునిక పద్ధతులేవీ వాడనివారు ఈ దేశాల్లో 2019 అంచనా ప్రకారం 21.8 కోట్ల మంది. 50కి పైగా దేశాల సర్వేల్లో పెళ్లయినవారిని కారణం అడిగితే, పద్ధతులు తెలియవన్నవారూ ఖర్చు భరించలేమన్నవారూ కొద్దిమందే తేలారు. దాదాపు నాలుగో వంతు మంది దుష్ప్రభావాల భయమన్నారు. భర్తతో కలయిక అరుదన్నవారు, బిడ్డకు పాలిస్తున్నామన్నవారు, తమకో ఇంట్లోవాళ్లకో ఇష్టం లేదన్నవారు మిగతా వారిలో ఎక్కువ.

ఆ భయాన్ని అపోహ అని కొట్టిపారేయకూడదు. మూడు నెలలకోసారి వేసే గర్భనిరోధక సూది వేయించుకున్న స్త్రీకి మొదట్లో కొన్ని నెలలు వేళాపాళా లేకుండా రక్తం కనిపిస్తుంది. ఏడాది తిరిగేసరికి చాలామందికి నెలసరి ఆగిపోతుంది. గర్భసంచి లోపలి పొర పెరగదు కాబట్టి ఆగుతుంది తప్ప లోపల చెడు రక్తం పేరుకుపోవడం వల్ల కాదు. ఈ ఒక్క ముక్క ముందే చెప్పకపోతే ఆమె రెండో సూదికి రాదు. సూది మానేశాక గర్భం నిలవడానికి, చివరి సూది నుంచి లెక్కిస్తే, సగటున పది నెలలు పడుతుంది. త్వరలో బిడ్డ కావాలనుకునే ఆమెకు అది చెప్పకుండా సూది వేస్తే, ‘సూదితో గొడ్రాలైంది’ అన్న మాట ఊరంతా పాకుతుంది. తప్పు మందుది కాదు, ముందే చెప్పనివారిది.

ఈ విషయంలో బంగ్లాదేశ్‌లోని మత్లాబ్ అనే గ్రామీణ ప్రాంతం చెప్పిన పాఠం గొప్పది. అక్కడ 1975లో ఇంటింటికీ మాత్రలు, కండోమ్‌లు పంచారు. మొదట తీసుకున్నారు గానీ చాలామంది త్వరలోనే మానేశారు. 1977లో పద్ధతి మార్చారు. చదువుకున్న, పెళ్లయిన, అదే ప్రాంతపు యువతులకు శిక్షణ ఇచ్చి, సూదితో సహా అనేక పద్ధతులు వారి చేతికిచ్చి, రెండు వారాలకోసారి ప్రతి ఇంటికీ పంపారు. ఇబ్బంది చెప్పుకుంటే వినే మనిషి ఉండటంతో 7 శాతం ఉన్న వాడకం ఏడాదిన్నరలో 30 శాతం దాటింది.

ఆసుపత్రి గడప దగ్గరా కొన్ని అడ్డంకులున్నాయి. వాటికి వైద్యపరంగా ఆధారం లేదు. నెలసరి వచ్చాకే రమ్మని వెనక్కి పంపడం అందులో మొదటిది. గర్భం లక్షణాలేవీ లేకుండా, నెలసరి మొదలై ఏడు రోజులు దాటకపోయినా, కాన్పయి నాలుగు వారాలలోపే అయినా, బిడ్డకు ఆరు నెలలలోపై పూర్తిగా తల్లిపాలే ఇస్తూ నెలసరి మొదలవకపోయినా, ఈ మూడింటిలో ఏ ఒక్కటున్నా ఆమె గర్భవతి కాదని నమ్మవచ్చు. ఆ రోజే ఆమెకు తగిన పద్ధతి మొదలుపెట్టవచ్చు. సూదికి గడువు దాటి వచ్చినా నాలుగు వారాల వరకు గర్భపరీక్ష లేకుండానే వేయవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రెండు వారాలు ఆలస్యమైందని తిప్పి పంపితే మధ్యలో గర్భం రావచ్చు. భర్త సంతకం తెమ్మనడమూ ఇలాంటిదే. జాంబియాలో జరిగిన ఒక అధ్యయనంలో ఉచిత సేవల కూపన్‌ను భార్యకు ఒంటరిగా ఇచ్చినప్పటి కంటే భర్త ఎదుట ఇచ్చినప్పుడు వాడకం తగ్గింది. మగవాళ్లతో మాట్లాడవద్దని కాదు, ఆమె నిర్ణయాన్ని వాళ్ల చేతిలో పెట్టకూడదని.

గోప్యత కావాల్సినవారికి ఇదే మూడు నెలల సూదిలో చర్మం కింద తనకు తానే వేసుకునే రకం (104 మి.గ్రా.) ఇప్పుడుంది. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని సిఫార్సు చేసింది. బాగా కుదిపి, సూది మూతను సందు లేకుండా లోపలికి నొక్కి, తర్వాత దాన్ని తీసేసి, పొట్ట లేదా తొడ ముందుభాగపు చర్మాన్ని మడతగా పట్టుకుని, 5 నుంచి 7 సెకన్లపాటు నెమ్మదిగా మందు ఎక్కించాలి. మూత పూర్తిగా దిగకపోతే మందు రాదు. చాలామంది పొరపడేది ఇక్కడే. దీన్ని నోటిమాటతో నేర్పితే లాభం లేదు, ఒక్కసారైనా ఆమె చేత చేయించి చూడాలి.

ఇంప్లాంట్, అంటే గర్భం రాకుండా చర్మం కింద పెట్టే సన్నని కడ్డీ విషయంలో మరో లోపం ఉంది. చేతి చర్మం కింద కడ్డీ పెట్టడం నేర్చిన సిబ్బందికి చాలాచోట్ల తీయడం నేర్పరు. తీయమని అడిగితే ‘గడువు కాలేదు’ అంటారు. తీయించుకోవడం కుదరదని ఒక్కరికి తెలిసినా పక్కింటివారు పెట్టించుకోరు.

కార్యక్రమాల నివేదికల్లో ఎంతమంది మొదలుపెట్టారన్న లెక్కే కనిపిస్తుంది. ఏడాదిలోపే మూడో వంతుకు పైగా మానేస్తున్నప్పుడు ఆ లెక్కతో ఏం తెలుస్తుంది? ఇబ్బందుల గురించి ముందే చెప్పారా, వస్తే ఏం చేయాలో చెప్పారా, వేరే పద్ధతికి మారవచ్చని చెప్పారా అని స్త్రీలనే అడిగి, ఆ జవాబులనూ నివేదికల్లో అచ్చువేయాలి. ఇంప్లాంట్ తీయమని వచ్చిన వారిలో ఎందరికి అదే రోజు తీశారో కూడా.

ఇట్లు,
ఒక పాఠకురాలు