ఫార్మాట్ కొట్టే ముందు యూజర్స్ ఫోల్డరు తెరిచి చూడండి

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అప్పటి నుంచి మా డీటీపీ సెంటరుకు వచ్చేవారిలో కొత్త కంప్యూటరు కొన్నవారూ, విండోస్ 11 వేయించుకున్నవారూ ఎక్కువయ్యారు. వారితోపాటు ‘నా ఫైళ్లు కనిపించడం లేదు’ అన్న మాటా ఎక్కువైంది. ఇలా వచ్చిన వాటిలో చాలావాటికి వైరస్ గానీ, హార్డ్ డిస్కు లోపం గానీ కారణం కాదని చూడగానే తెలిసిపోతుంది. వెర్షను మారినప్పుడు మన ఫోల్డర్ల పేర్లూ, చోట్లూ, లోపలి అమరికా మారుతూ వచ్చాయన్న సంగతి వాడేవారికి ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ లేఖ.

మా వీధిలోని ఒక విశ్రాంత తెలుగు పండితుడు విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో కంప్యూటరు నేర్చుకున్నారు. ‘మై డాక్యుమెంట్స్’ కాపీ చేసుకుంటే అన్నీ వచ్చేస్తాయన్నది అప్పట్లో ఆయనకు ఎవరో చెప్పిన సూత్రం, ఆనాటికి అది చాలావరకు నిజం కూడా. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో ‘మై పిక్చర్స్’, ‘మై మ్యూజిక్’ రెండూ ‘మై డాక్యుమెంట్స్’ కడుపులోనే ఉండేవి. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్ బయటికి వచ్చి డాక్యుమెంట్స్ పక్కన వరుసగా నిలబడ్డాయి, డౌన్‌లోడ్స్ అనే కొత్త ఫోల్డరు వాటితో చేరింది. ఆ తరువాత వచ్చిన 7, 8, 10, 11 వెర్షన్లన్నీ ఈ అమరికనే అనుసరించాయి. పండితుడు గారు ఈమధ్య కొత్త ల్యాప్‌టాప్ కొని, పాతదానిలోని డాక్యుమెంట్స్ ఫోల్డరును పెన్ డ్రైవులోకి ఎక్కించుకుని, పాతదాన్ని ఫార్మాట్ కొట్టించి మేనల్లుడికి ఇచ్చేశారు. ఆయన వ్యాసాలు భద్రంగా వచ్చాయి గానీ, పిక్చర్స్ ఫోల్డరులో ఉన్న కూతురి పెళ్లి ఫొటోలు రాలేదు.

ఎక్స్‌పీలో వినియోగదారుల సరుకంతా సి డ్రైవులో ‘డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్’ అనే ఫోల్డరు కింద ఉండేది. ఖాళీలతో కలిపి ఇంగ్లిషులో 22 అక్షరాల ఆ పేరు విస్టాలో అయిదక్షరాల ‘యూజర్స్’గా మారింది. ఫైలు పూర్తి చిరునామా 260 అక్షరాలు దాటకూడదన్న నియమంతో ఫోల్డరులో ఫోల్డరు పెట్టుకుని అవస్థ పడినవారికి ఆ పొదుపు విలువ తెలుస్తుంది. పాత ప్రోగ్రాములు పాత పేరుతో వెతికితే దారి తప్పకుండా ఉండేందుకు, పాత పేరును కొత్త చోటికి దారి చూపే గుర్తుగా మాత్రం ఉంచేశారు. దాచిన ఫైళ్లు కనిపించేలా పెట్టుకున్నవారు ఆ గుర్తుపై నొక్కితే అనుమతి లేదంటూ తిప్పికొడుతుంది. నేను కూడా మొదట్లో దాన్ని వైరసే అనుకుని ఒక ఆదివారమంతా స్కాన్ పెట్టి కూర్చున్నాను.

మైక్రోసాఫ్ట్ ఖాతాతో కొత్త కంప్యూటరు మొదలుపెట్టేవారికి మరో తికమక ఎదురవుతుంది. ఈమెయిలులోని మొదటి అయిదు ఇంగ్లిషు అక్షరాలే ఫోల్డరు పేరవుతాయి కనుక, వెంకటేశ్వరరావు గారు ‘వెంక’గానూ, శ్రీనివాస్ ‘శ్రీని’గానూ మిగులుతారు. తన పూర్తి పేరు కోసం వెతికి, ఈ ‘వెంక’ ఎవరిదో అనుకుని చెరిపేయబోయిన ఒక పెద్దమనిషిని నేను సమయానికి ఆపగలిగాను.

మన ఫైళ్లను ఇంటర్నెట్టులో దాచిపెట్టే మైక్రోసాఫ్ట్ వారి వన్‌డ్రైవ్ బ్యాకప్ మొదలయ్యాక చిక్కు మరింత పెరిగింది. అది అమలులో ఉంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు వినియోగదారుడి ఫోల్డరులోనే ఉన్న వన్‌డ్రైవ్ ఫోల్డరులోకి మారతాయి. పాత చోట వెతికేవారికి ఖాళీ ఫోల్డరు దొరుకుతుంది. కొన్ని ఫైళ్ల పక్కన మబ్బు గుర్తు కనిపిస్తుంది, అంటే ఆ ఫైలు ఇంటర్నెట్టులో ఉంది, డిస్కులో లేదు. నెట్ లేనప్పుడు దాన్ని కాపీ చేయబోతే రాదు. ఉచితంగా ఇచ్చే 5 జీబీ నిండాక కొత్త ఫైళ్లు పైకి వెళ్లవు. ఫోల్డర్లను ఒకచోటి నుంచి మరోచోటికి మళ్లించడం ఎంత సున్నితమైన వ్యవహారమో 2018 అక్టోబరు నాటి విండోస్ 10 అప్‌డేట్ చూపించింది. ఫోల్డరును వేరే చోటికి మళ్లించుకుని, పాత చోట కొన్ని ఫైళ్లు వదిలేసిన కొందరికి ఆ మిగిలిన ఫైళ్లు చెరిగిపోగా, కంపెనీ కొద్ది రోజులకే ఆ అప్‌డేట్‌ను నిలిపివేసి, సరిచేసి నవంబరులో మళ్లీ విడుదల చేసింది.

మా వృత్తికి సంబంధించిన ఒక సంగతి తెలుగువారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఒకప్పుడు ఫాంట్లన్నీ విండోస్ ఫోల్డరులోని ఫాంట్స్‌లోనే ఉండేవి. ఆ 2018 నాటి వెర్షను నుంచి ఫాంటుపై ‘ఇన్‌స్టాల్’ నొక్కితే అది సాధారణంగా మన ఖాతాకే పరిమితమై, ప్రోగ్రాములు తమ సమాచారం దాచుకునే, మామూలుగా కనిపించని యాప్‌డేటా ఫోల్డరు లోపలికి వెళుతుంది. ఆ కంప్యూటరులోనే వేరే ఖాతాతో ప్రవేశిస్తే ఆ ఫాంటు ఉండదు. యూనికోడ్ కాని ఫాంట్లతో, అంటే ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలు పెట్టిన పాత పద్ధతి ఫాంట్లతో కూర్చిన శుభలేఖను ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే వధూవరుల పేర్ల స్థానంలో ఇంగ్లిషు అక్షరాలూ, కామాలూ, బ్రాకెట్లూ గుంపుగా కనిపిస్తాయి. ఫైలు పాడైందని గాభరా పడి మళ్లీ టైపు చేయించుకున్నవారున్నారు. ఫాంటు వేసేటప్పుడే దానిపై మౌసు కుడి బటను నొక్కి ‘అందరు వినియోగదారులకు’ అన్నదాన్ని ఎంచుకుంటే ఈ బాధ ఉండదు.

కాబట్టి రిపేరు షాపులవారికి నా విన్నపం: డాక్యుమెంట్స్ ఒక్కటే కాపీ చేసి పని అయిందనకుండా, యూజర్స్‌లోని వినియోగదారుడి ఫోల్డరు మొత్తాన్ని, దాచిన యాప్‌డేటాతో సహా తీసి, కాపీలో నాలుగైదు ఫైళ్లు కస్టమరు ఎదుట తెరిచి చూపించిన తరువాతే ఫార్మాట్ చేయండి. ఫార్మాట్ చేయకుండా పైన కొత్త వెర్షను వేసి ఉంటే, పాత సరుకు విండోస్.ఓల్డ్ అనే ఫోల్డరులో ఉండవచ్చు. అయితే మామూలుగా 10 రోజుల తరువాత అది దానంతటదే చెరిగిపోతుంది కనుక, అనుమానం వచ్చిన రోజే వెతకాలి.

ఏ వెర్షనులో ఏ ఫోల్డరు ఎక్కడ ఉంటుందో చూపే చిన్న పటాన్ని తెలుగులో మీ పత్రిక అచ్చు వేస్తే, దాన్ని కత్తిరించి మా సెంటరు గోడకు అంటించుకుంటాను.

— ఒక డీటీపీ నిర్వాహకుడు, తెనాలి