వార్షిక నివేదిక: మన ఫ్రిస్బీ జట్టు, విశాఖ పోటీలు

సంఘం పెద్దలకు, సభ్యులందరికీ నమస్కారం.

ఉగాది వేడుక, కవి సమ్మేళనం, పిల్లలకు ఆదివారం తెలుగు తరగతులు ఈ ఏడూ బాగా జరిగాయి. జమాఖర్చుల పత్రం కోశాధికారి గారు విడిగా అందజేస్తారు. ఈ నివేదికలో ఎక్కువ చోటు మన అల్టిమేట్ ఫ్రిస్బీ జట్టుకే ఇస్తున్నాను. సభ్యులు ఈ ఏడాది ఎక్కువగా అడిగింది దాని గురించే.

ముందు ఆట సంగతి. 175 గ్రాముల డిస్క్ (గుండ్రటి ప్లాస్టిక్ పళ్లెం లాంటిది), జట్టుకు ఏడుగురు. గ్రౌండు 100 మీటర్ల పొడవు, 37 మీటర్ల వెడల్పు. డిస్క్ చేతిలో ఉన్నవాళ్లు పరుగెత్తకూడదు, ఎదుటివాళ్లు పది లెక్కపెట్టేలోపు ఇంకొకరికి విసిరేయాలి. అవతలి చివర 18 మీటర్ల జాగాలో మనవాళ్లు పట్టుకుంటే పాయింటు. 1968లో అమెరికాలోని న్యూజెర్సీలో హైస్కూలు పిల్లలు మొదలుపెట్టిన ఆట ఇది. దీని ప్రపంచ సమాఖ్యకు 2015లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ గుర్తింపు దొరికింది.

అబ్బాయిలనూ అమ్మాయిలనూ కలిపి ఎందుకు ఆడిస్తున్నారని కొందరు పెద్దలు అడిగారు. మిక్స్‌డ్ విభాగం నియమమే అది. కొన్ని పాయింట్లకు ముగ్గురు అమ్మాయిలు, కొన్నింటికి నలుగురు దిగాలి. అమ్మాయిలు రాకపోతే జట్టే లేదు. ఒడిశాలోని బరంపురంలోనూ ఛత్రపురంలోనూ ఇంటింటికీ వెళ్లి తల్లులతో కూర్చుని మాట్లాడిన మన మహిళా సభ్యుల వల్లే ఈ జట్టు నిలబడింది. ఆ మాట అందరికీ తెలియాలి. జట్టులో ఒడియా పిల్లలూ ఉన్నారు, వాళ్లూ మన పిల్లలే.

వేసవి సెలవుల్లో విశాఖలో శని, ఆదివారాల పోటీలకు రాత్రి రైల్లో బయల్దేరాం. పులిహోర పొట్లాలు ఇచ్ఛాపురం దాటేసరికే ఖాళీ. ఎండ వల్ల ఆటలు తెల్లవారుజామున కొన్ని, సాయంత్రం కొన్ని పెట్టారు. మధ్యాహ్నమంతా నీడలో మజ్జిగ, చద్దన్నం, బరంపురం అప్పడాలు.

మొదటి ఆటలో ఏళ్లుగా ఆడుతున్న జట్టు మనల్ని పెద్ద తేడాతో ఓడించింది. సాయంత్రం సముద్రపు గాలి లేచాక ఆట మన వైపు తిరిగింది. గోపాల్‌పూర్ తీరంలో సాధన చేసిన పిల్లలకు గాలి కొత్త కాదు. ఎత్తుగా విసిరితే గాలి డిస్క్‌ను లాక్కుపోతుంది. మనవాళ్లు నడుము ఎత్తు దాటకుండా, దగ్గరి పాసులతో ముందుకెళ్లారు. ఆ రోజు ఆ గ్రౌండులో అంత ఓపికగా ఆడినవాళ్లు ఇంకెవరూ లేరని నా అభిప్రాయం.

ఆదివారం ఆట గురించి కాస్త వివరంగా చెప్పాలి. స్కోరు సమానంగా ఉంది, ఇక ఒక్క పాయింటు. మన అమ్మాయి చివరి జాగాలో ఎగిరి పట్టబోతుంటే ఎదుటి అబ్బాయి చెయ్యి తగిలి డిస్క్ జారిపోయింది. 'ఫౌల్' అని అరిచింది. తగల్లేదన్నాడు అతను. ఈ ఆటలో అంపైరు ఉండరు, ఆడేవాళ్లే తేల్చుకోవాలి. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఎవరు చూసింది వాళ్లు చెప్పుకున్నారు. ఒప్పందం కుదరకపోతే డిస్క్ విసిరినవాళ్ల దగ్గరికే తిరిగి వెళ్తుంది. అలాగే వెళ్లింది. తర్వాతి పాసు తప్పి డిస్క్ వాళ్ల చేతికి వెళ్లింది, ఆ పాయింటు వాళ్లదైంది, ఆట ఓడిపోయాం. గట్టు మీద కూర్చున్న మన పెద్దాయన ఒకరు అన్యాయమని కోపంతో లేచారు. "తాతగారూ, నాకు తగిలింది, అతనికి తెలియలేదు. అంతే కదా" అని ఆ అమ్మాయే ఆయనను కూర్చోబెట్టింది. ఆట అయ్యాక రెండు జట్లూ ఒకే వలయంగా నిలబడి మాట్లాడుకోవడం ఆనవాయితీ. తర్వాత నియమాల అవగాహన, ఒంటికి తగలకుండా ఆడటం, న్యాయబుద్ధి, నిగ్రహం, మాట తీరు అనే ఐదింటిలో ఎదుటి జట్టుకు మార్కులు వేస్తారు. నోరు విప్పడానికి బెదిరే పిల్లలు తెలుగు, ఒడియా, హిందీ కలిపి తమ వాదన తాము చెప్పుకోవడం చూశాం. సంఘం ఖర్చు పెట్టవలసింది ఇలాంటి వాటి మీదే.

వచ్చే ఏడాదికి గోపాల్‌పూర్ సాధనకు వ్యాను, మరికొన్ని డిస్కులు, ప్రయాణంలో అమ్మాయిలకు తోడుగా ఇద్దరు మహిళా సభ్యుల టిక్కెట్లు మంజూరు చేయాలని సర్వసభ్య సమావేశాన్ని కోరుతున్నాం. తోడు వెళ్లదలచిన అక్కలు, పిన్నులు తమ పేర్లు కార్యాలయంలో ఇవ్వగలరు.

ఇట్లు,
కార్యదర్శి