మొదటి ఫోన్ ఎవరికి, మంత్రిగారూ?

గౌరవనీయులైన శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మత్తు పదార్థాలతో దొరికిన బడిపిల్లల కోసం మీ శాఖ తయారు చేసిన ఫారం ఒకటి ఉంది. పదకొండేళ్లుగా బడిలో కౌన్సిలర్‌గా పనిచేస్తున్నదాన్ని కాబట్టి దాన్ని నింపేది నేనే. ఏం వాడాడు, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు, ఎన్నాళ్ల నుంచి... రెండు పేజీలూ ఇవే. చివర్లో ఒక చిన్న గడి: ‘తల్లిదండ్రులకు తెలియజేశారా? అవును / లేదు’. ఈ ఉత్తరం ఆ గడి గురించే.

కిందటేడు ఎనిమిదో తరగతి పిల్లాడొకడు వైట్‌నర్ పీలుస్తూ దొరికాడు. జేబురుమాలు అట్టకట్టి ఉంది. అడిగినవాటన్నిటికీ తడుముకోకుండా జవాబిచ్చాడు. నేను ఫోన్ తీసేసరికి మాత్రం ‘మా నాన్నకి చెప్పకండి మేడం’ అన్నాడు. దొరికిన ప్రతి పిల్లాడూ అనే మాటే అది. ఇదీ అలాంటి మాటే అనుకుని, నిబంధన ప్రకారం ఫోన్ చేసి, ‘అవును’ దగ్గర టిక్కు పెట్టాను. మూడు రోజులు వాడు బడికి రాలేదు. వచ్చాక ఎడమవైపు నుంచి పిలిస్తే పలకలేదు. చెంపదెబ్బకు కర్ణభేరి చిరిగిందని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాక తెలిసింది.

ఆ తర్వాత చాలా రోజులకు, అడగకుండానే, ఒక మాట చెప్పాడు. ‘అది పీలిస్తే గేటు చప్పుడైనా భయం వెయ్యదు మేడం.’ సాయంత్రం గేటు చప్పుడైందంటే వాళ్ల నాన్న వచ్చాడని అర్థం. ఆరేళ్లప్పటి నుంచీ ఆ చప్పుడు వింటున్నాడు. వైట్‌నర్ వాడి చేతికొచ్చింది పదమూడో ఏట. మన ఫారం మాత్రం వాడి కథను పదమూడో ఏటి నుంచే మొదలుపెట్టింది.

ఇదొక్క ఇంటి సంగతే అయితే మీకు రాసేదాన్ని కాదు. అమెరికాలోని శాన్ డియాగోలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా అనే ఇద్దరు వైద్యులు వేలమంది పెద్దవాళ్లను వాళ్ల చిన్నతనం గురించి అడిగారు. కొట్టడం, లైంగిక హింస, తల్లిని కొడుతుంటే చూడటం, ఇంట్లో తాగుడు, ఇలాంటివి. 1998లో తొలి ఫలితాలు వచ్చాయి. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రకాల అనుభవాలున్నవారిలో తాగుడు, మత్తుమందుల బెడద, నిరాశ, ఆత్మహత్యా ప్రయత్నాల ముప్పు, అవేమీ లేనివారికంటే 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించింది. 2003లో వచ్చిన మరో విశ్లేషణ, అలాంటి అనుభవాల్లో ఏ ఒక్కటున్నా మత్తుమందులు చిన్న వయసులోనే మొదలయ్యే అవకాశం 2 నుంచి 4 రెట్లు పెరుగుతుందంది. పెద్దయ్యాక గుర్తు తెచ్చుకుని చెప్పిన జవాబులు కదా, అందులో లోపాలుంటాయని పరిశోధకులకూ తెలుసు. దెబ్బలు తిన్న పిల్లలందరూ మత్తులో పడరు, మత్తులో పడ్డవాళ్లందరూ దెబ్బలు తిన్నవాళ్లూ కారు. అయినా, మత్తుతో దొరికిన పిల్లాడు ముందుకొచ్చి కూర్చున్నప్పుడు ఇల్లెలా ఉందో అడగకుండా వదిలేయడానికి అది సాకు కాదు.

ఎప్పుడు దెబ్బ పడుతుందో తెలియని ఇంట్లో పెరిగే పిల్లల ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తూనే ఉంటుంది. ఒత్తిడికి స్పందించే కార్టిసాల్ అనే హార్మోన్ వ్యవస్థ గాడి తప్పవచ్చు. తొందరపాటుకు పగ్గం వేయాల్సిన మెదడు ముందు భాగమేమో పాతికేళ్ల దాకా పూర్తిగా ఎదగదు. అలాంటి ఒంటికి కాసేపు నెమ్మది దొరికేది సీసాలోనో రుమాల్లోనో అయితే, దాన్ని సరదా అనడం నావల్ల కాదు. కొట్టడమే కాదు సుమా. తిన్నావా అని అడిగే దిక్కు లేకుండా పెరిగిన పిల్లలూ వస్తారు నా గదికి. వాళ్ల ఒంటి మీద చూపించడానికి మచ్చ కూడా ఉండదు.

మీరు చేయగలిగింది ఒకటి అడుగుతాను. మొదటి ఫోన్ ఇంటికే వెళ్లాలన్న నిబంధన మార్చండి. ముందు పిల్లాడితో ఒంటరిగా, తీరిగ్గా మాట్లాడనివ్వండి. ఇంట్లో భయం ఉందని తేలితే ఫోన్ బాలల రక్షణ అధికారికి వెళ్లాలి, ఆయన అదే రోజు ఎత్తాలి. ఇప్పుడు మత్తు ఫైలు ఒక శాఖలో, హింస ఫైలు ఇంకో శాఖలో ఉన్నాయి. రెండింటి మీదా ఉన్నది ఒకే పిల్లాడి పేరని ఎవరూ చూడరు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో ఇంటి హింస నుంచి రక్షణ 19వ అధికరణంలో, మత్తుమందుల నుంచి రక్షణ 33వ అధికరణంలో ఉన్నాయి. కాగితం ఒకటే. విడదీసింది మనం.

ఇది చదివి ఎవరైనా అధికారి ఫారంలో ఇంటి కష్టాల మీద పది ప్రశ్నలు చేర్చి, ఎన్ని ‘అవును’లుంటే అన్ని మార్కులు వేయమంటారేమోనని భయంగా ఉంది. వద్దు. చిన్ననాటి కష్టాలను అలా లెక్కపెట్టడం జనాభా మొత్తాన్ని చూడటానికే తప్ప ఒక్కో మనిషిని తూచడానికి కాదని ఆండాయే 2020లో రాశారు. అడిగాక సాయం చేసే దారి లేకపోతే అడగడమూ ఒక హింసే.

మత్తు వద్దని చెప్పే పుర్రె బొమ్మల పోస్టర్ల ఖర్చు కాస్త తగ్గించి, కష్టాల్లో ఉన్న గర్భిణుల ఇళ్లకు నర్సులను పంపించినా మేలు. అమెరికాలోని మెంఫిస్ నగరంలో అలా చేశారు. బిడ్డకు రెండేళ్లు నిండేదాకా నర్సులు వెళ్లిన ఇళ్ల పిల్లల్లో, పన్నెండో ఏట చూస్తే, సిగరెట్లు, మద్యం, గంజాయి వాడకం తక్కువగా ఉంది. ఆ నర్సులు మత్తు గురించి పిల్లలకు పాఠాలేమీ చెప్పలేదు. తల్లులకు తోడున్నారు, అంతే.

ఇవాళ నా బల్ల మీద ఇంకో ఫారం ఉంది. తొమ్మిదో తరగతి అమ్మాయి. రెండు పేజీలూ నింపాను. చివరి గడి ఖాళీగా ఉంది. నిబంధన ప్రకారం రేపు సాయంత్రంలోగా నింపాలి.

ఇట్లు,
ఒక బడి కౌన్సిలర్