పెంచలకోన దారిని వారానికి మూడు గంటలు సైకిళ్లకు వదలండి

గౌరవనీయులైన నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,

రాపూరు నుంచి ఒక సైకిలిస్టు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. ఇదే విషయమై సంబంధిత కార్యాలయంలో రెండుసార్లు అర్జీ ఇచ్చినా జవాబు రానందున, పదిమంది ఎదుట మీకు విన్నవించుకుంటున్నాను.

1997లో ప్రకటించిన పెనుశిల నరసింహ అభయారణ్యానికి సైకిలు మీద వెళ్లేవారికి గోనుపల్లి నుంచి నరసింహస్వామి ఆలయం ఉన్న పెంచలకోన దాకా వెళ్లే రోడ్డే ఆధారం. తెల్లవారుజామున ఆ కొండగాలిలో తొక్కడం ఎంత హాయో మాటల్లో చెప్పలేను. అయితే మలుపుల్లో కార్లు ఒకదాన్నొకటి దాటే వేగానికి మేము రోడ్డు దిగి కంకరలోకి పోవలసి వస్తోంది. అలా దిగబోయి మా తమ్ముడి కొడుకు పడి భుజం ఎముక విరగ్గొట్టుకున్నాడు. ముందు చక్రం వంగిపోయిన వాడి సైకిలు ఇప్పటికీ మా వరండాలో గోడకు ఆనించి ఉంది. చెయ్యి నయమైంది గానీ, వాళ్లమ్మ మళ్లీ దాన్ని ముట్టుకోనివ్వడం లేదు, ఆమెను తప్పుపట్టలేను.

మేము అడిగేది ఆదివారం ఉదయం అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర వరకు ఆ దారిలో మోటారు వాహనాలను ఆపమని మాత్రమే. అంబులెన్సులకు, స్థానిక రైతులకు, ఆలయ సిబ్బందికి మినహాయింపు ఉండాలి. భక్తుల రద్దీ ఉండే శనివారం, బ్రహ్మోత్సవాల రోజుల జోలికి పోనక్కరలేదు. వన్యప్రాణుల కోసం దోర్నాల–శ్రీశైలం అడవి దారిలో రాత్రివేళ వాహనాలను ఆపుతున్నారు. ప్రజల భద్రత కోసం రాకపోకలను నియంత్రించే వీలు 1988 నాటి మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్‌లోనూ ఉంది.

మొదట ఒక్క నెల ప్రయోగంగా అమలు చేయించి, మీ నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
రాపూరు సైకిలిస్టు