178 బదులు 187 అని కుట్టిన ప్యాచ్‌ల గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. అట్లాంటా దగ్గర మా ఊళ్లో గర్ల్ స్కౌట్స్ బ్రౌనీ ట్రూప్‌కి (రెండు, మూడు తరగతుల ఆడపిల్లల బృందం) నేను లీడర్‌ని. మీరు తెలుగువాళ్లని, హైదరాబాద్‌లో కుట్టించి ఇక్కడికి పంపుతారని తెలిసి, మార్చిలో మీ దగ్గర యూనిఫాం మీద కుట్టుకునే 20 ఎంబ్రాయిడరీ ప్యాచ్‌లు ఆర్డర్ చేశాను. అవి తప్పుగా వచ్చాయి. రెండుసార్లు మెయిల్ పెట్టినా పని జరగలేదు. అందుకే ఈసారి తెలుగులో వివరంగా రాస్తున్నాను.

జూలియెట్ గోర్డన్ లో గారు గర్ల్ స్కౌట్స్‌ని 1912 మార్చి 12న మా జార్జియాలోనే ఉన్న సవన్నాలో 18 మంది ఆడపిల్లలతో మొదలుపెట్టారు. ఆ పుట్టినరోజు వారాంతంలో మా పిల్లల్ని సవన్నా తీసుకెళ్లి, మర్నాడు టైబీ ఐలాండ్ లైట్‌హౌస్ ఎక్కించాం. పైదాకా 178 మెట్లు. మూడో తరగతి పాప ఒకతికి ఎత్తంటే చచ్చేంత భయం. కాస్త ఎక్కగానే మెట్టు మీద కూలబడిపోయింది. "లెక్కపెట్టుకుంటూ వెళ్దాం, పద" అని చెయ్యి పట్టుకున్నాను. ఒకటి, రెండు అని తెలుగులో మొదలుపెట్టి, వంద దాటాక తడబడి ఇంగ్లీషులోకి మారి, 178 దగ్గర పెద్ద కేక పెట్టింది. ఆ అంకె ప్యాచ్ మీద ఉండాలని పిల్లలే ఓట్లు వేసుకుని తేల్చారు.

మీరు పంపిన డిజైన్‌లో 178 అనే ఉంది. నేను ఓకే చెప్పింది దానికే. కుట్టి పంపినవాటిలో 187 అని ఉంది. లైట్‌హౌస్ నలుపు తెలుపు పట్టీలు మాత్రం ఎంత చక్కగా కుట్టారో! పార్శిల్ విప్పగానే ఆ పాపే చూసింది. "ఆంటీ, నేను అన్ని ఎక్కలేదు కదా" అంది. నాకు నోట మాట రాలేదు.

ఇంకొకటి. ఇస్త్రీతో అంటుకునే జిగురు కోసం విడిగా డబ్బులు కట్టాను. పైన పల్చటి గుడ్డ వేసి ఇస్త్రీ పెడితే, చల్లారేలోపే మూలలు లేచిపోయాయి. ఆరు ప్యాచ్‌లకి అంచు దారం కూడా ఊడివస్తోంది.

మీ మనిషి ఇచ్చిన జవాబు: "చిన్న తేడా, ఎవరూ గమనించరు," దాంతోపాటు 15 శాతం కూపన్. అండీ, ఈ డబ్బు మా పిల్లలు చలిలో షాపుల ముందు నిలబడి కుకీలు అమ్మి తెచ్చుకున్నది. కూపన్ మాకొద్దు.

మా వాళ్లు సంపాదించిన బ్యాడ్జీలు వెస్ట్‌కి, అంటే యూనిఫాంలోని చేతుల్లేని కోటుకి, ముందువైపు ఉంటాయి, ఇలాంటి టూర్ల ప్యాచ్‌లు వెనకవైపు కుడతాం. మే నెలాఖరున మా మూడో తరగతి పిల్లలు బ్రౌనీల తర్వాతి స్థాయి అయిన జూనియర్స్‌లోకి వెళ్తున్నారు. ఆ రోజు నుంచి ఆకుపచ్చ వెస్ట్. బ్రౌన్ వెస్ట్ వేసుకోవడం అదే చివరిసారి. ఆలోపు రాకపోతే ఈ ప్యాచ్ కుట్టడానికి వెస్ట్ ఉండదు.

మే 20లోపు మాకు అందేలా 178 అంకెతో, సరైన అంచుతో 20 ప్యాచ్‌లు మళ్లీ కుట్టి, మీ ఖర్చుతో పంపండి. అంతలోపు కుదరదంటే వారంలోగా చెప్పి మొత్తం డబ్బు వాపసు ఇవ్వండి, ఇక్కడే ఎవరితోనైనా కుట్టించుకుంటాం. మీరు పంపిన డిజైన్, వచ్చిన ప్యాచ్‌ల ఫొటోలు, రసీదు జతచేశాను.

ఇట్లు,
బ్రౌనీ ట్రూప్ లీడర్