సేఫ్టీ టార్గెట్‌ని కూడా ప్రొడక్షన్ టార్గెట్ అంత గట్టిగా అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఏదైనా ఫ్యాక్టరీలో పెద్ద ప్రమాదం జరిగితే పేపర్లలో నాలుగు రోజులు ఫస్ట్ పేజీలో వస్తుంది, ఎక్స్‌గ్రేషియా ఎంత, ఏ మంత్రి వచ్చారు, కమిటీ ఎప్పుడు వేశారు అన్నీ వస్తాయి, తర్వాత ఇంక ఆ ఊసే ఉండదు. నేను సంగారెడ్డి జిల్లాలో ఒక బల్క్ డ్రగ్ (మాత్రల్లోకి వెళ్లే అసలు మందు తయారుచేసే) ప్లాంట్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని, లోపల ఉండి చూస్తున్నవాడిగా కొన్ని మాటలు చెప్పాలనిపించి రాస్తున్నా. మా ఇండస్ట్రీలో టార్గెట్లకి కొదవేం లేదండి. నెలకి ఎన్ని బ్యాచ్‌లు తియ్యాలి, ఈల్డ్ (వేసిన సరుకుకి చేతికొచ్చే మందు) ఎంత రావాలి, వాడిన సాల్వెంట్ (కరిగించే ద్రావకం) ఎంత శాతం తిరిగి రాబట్టాలి, డిస్పాచ్ ఏ తేదీకి, అన్నిటికీ లెక్కుంది, పొద్దున్నే మీటింగ్‌లో నిలబెట్టి మరీ అడుగుతారు. సేఫ్టీకి కూడా టార్గెట్ ఉంది, జీరో యాక్సిడెంట్స్ అని గేటు దగ్గరే ఇంతెత్తున బోర్డు పెడతారు. కానీ బ్యాచ్ రెండు గంటలు లేటయితే పైనుంచి వరసగా ఫోన్లు వస్తాయి, అదే డ్రయర్ దగ్గర నిప్పురవ్వ పుట్టకుండా కాపాడే ఎర్తింగ్ వైరు ఊడిపోయి వారం నుంచి అలాగే వేలాడుతుంటే ఎవరి ఫోనూ మోగదు. నా బాధంతా ఇదే.

జీరో అనేది అయ్యే పని కాదు, అలా రాసుకుంటాం అంతే అని మేనేజర్లు చాలామంది అంటుంటారు. నేను ఒప్పుకోను. అమెరికాలో అల్కోవా అని పెద్ద అల్యూమినియం కంపెనీ ఉంది, 1987లో పాల్ ఓనీల్ దానికి సీఈఓగా వచ్చాడు. మొదటిసారి ఇన్వెస్టర్ల ముందు నిలబడినప్పుడు లాభాలు, ఖర్చులు అని మొదలుపెట్టకుండా మా టార్గెట్ జీరో ఇంజరీస్ అని చెప్పాడు. అప్పటికే ఆ కంపెనీ సేఫ్టీలో అమెరికా సగటు కంటే బాగానే ఉంది, అంటే ఇది చాల్లే అనుకోడానికి కావలసినంత అవకాశం ఉంది, అయినా ఆయన సగటుతో పోల్చుకోలేదు. ఎక్కడ ఎవరికి దెబ్బ తగిలినా ఆ యూనిట్ ప్రెసిడెంట్ 24 గంటల్లో తనకి చెప్పాలి, అది మళ్లీ జరగకుండా ఏం చేస్తారో కూడా దాంతోపాటే చెప్పాలి అని రూల్ పెట్టాడు. ఇందులో అసలు సంగతి ఏంటంటే, ప్రెసిడెంట్‌కి 24 గంటల్లో తెలియాలంటే ఆయన కింద మేనేజర్‌కి ఇంకా ముందే తెలియాలి, అంతకంటే ముందు ఫ్లోర్ మీద సూపర్‌వైజర్ నోరు తెరవాలి, అలా తెరవాలంటే అతనికి భయం ఉండకూడదు, ఒక్క రూల్‌తో కింద నుంచి పైదాకా మాట నడవడం మొదలైంది. ఆయన వచ్చిన కొన్నాళ్లకే అరిజోనా ప్లాంట్‌లో ఒక కుర్రాడు ఆగిపోయిన మెషిన్‌ని సరిచెయ్యబోయి చనిపోతే, పెద్ద ఆఫీసర్లందర్నీ కూర్చోబెట్టి ఆ అబ్బాయిని చంపింది మనమే అన్నాడు, తన లీడర్‌షిప్‌దే తప్పు అని తనమీద వేసుకున్నాడు. వర్కర్లకి తన ఇంటి ఫోన్ నంబర్ ఇచ్చాడు. ఆయన దిగిపోయిన 2000 నాటికి పనికి రాలేనంత దెబ్బలు ఏడాదికి వందమంది వర్కర్లకి 1.86 ఉన్న రేటు 0.2కి పడిపోయింది, కంపెనీ లాభం అయిదు రెట్లు పెరిగింది. కాబట్టి పెద్ద టార్గెట్ పెట్టడంలో తప్పు లేదు, పెట్టాలి కూడా.

మరి ఇదే జీరో మన దగ్గర ఎందుకు పనిచెయ్యట్లేదు? నేను ఇంతకుముందు పనిచేసిన ఒక చోట (పేరు వద్దులెండి) బోర్డు మీద 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు' ఏడాది నిండబోతోంది, నిండితే అందరికీ గిఫ్ట్ అని చెప్పారు. ఆ టైంలోనే ఒక హెల్పర్‌కి స్టీమ్ లైన్ దగ్గర మోచేయి దాకా కాలింది. ఒడిశా నుంచి కాంట్రాక్టర్ కింద వచ్చిన అబ్బాయి. చల్లటి నీళ్ల కింద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు, ఏడుపు కూడా బయటికి రానివ్వట్లేదు. ఆస్పత్రికి పంపేముందు అతనికి చెప్పి పంపిన మాట ఏంటంటే, రూమ్‌లో వంట చేసుకుంటుంటే కాలిందని చెప్పు అని. బోర్డు మీద నంబర్ మారలేదు, గిఫ్టులు కూడా వచ్చాయి, కానీ ఆ స్టీమ్ లైన్‌కి ఇన్సులేషన్ ఎందుకు ఊడిపోయిందో ఎవరూ అడగలేదు, ఎందుకంటే రికార్డు ప్రకారం అక్కడ అసలు ఏమీ జరగలేదు కదా.

నియర్ మిస్ కార్డుల సంగతీ అంతే. ప్రమాదం తృటిలో తప్పితే రాసి పెట్టెలో వెయ్యాలి, చాలా మంచి పద్ధతి. కానీ మనిషికి నెలకి ఇన్ని అని టార్గెట్ పెట్టడంతో నెలాఖర్లో అందరూ కూర్చుని ఫ్లోర్ తడిగా ఉంది, బల్బ్ వెలగట్లేదు అని రాసి నింపేస్తారు. అలారం మాటిమాటికీ మోగుతోందని సైలెంట్‌లో పెట్టేశారు, ఇంటర్‌లాక్ (ప్రమాదం వస్తే మెషిన్‌ని దానంతటదే ఆపే ఏర్పాటు) బైపాస్ చేసి, అంటే పనిచెయ్యకుండా పక్కన పెట్టి, బ్యాచ్ నడిపారు అని మాత్రం ఏ కార్డులోనూ ఉండదు. రాస్తే ఎవరి సంతకంతో చేశారు అని ముందు రాసినవాడినే అడుగుతారు.

అసలు ఏది లెక్కపెట్టాలో తెలియకపోతే ఎంత ప్రమాదమో చెప్పడానికి 2005 మార్చి 23న అమెరికాలో టెక్సాస్ సిటీ బీపీ రిఫైనరీలో జరిగిన పేలుడు చాలు. 15 మంది చనిపోయారు, 180 మందికి దెబ్బలు తగిలాయి. చనిపోయినవాళ్లంతా కాంట్రాక్ట్ వర్కర్లే, పనిగంటలు పోయేంత దెబ్బ ఎవరికీ తగలకుండా నెల గడిచిందని ఆ రోజే వాళ్లకి భోజనం పెట్టారట, తినొచ్చి యూనిట్ పక్కన పెట్టిన ట్రెయిలర్లలో కూర్చున్నారు. జారిపడ్డం, వేళ్లు తెగడం లాంటి దెబ్బల లెక్క చూసుకుని సేఫ్టీ బాగుందనుకున్నారు, టవర్‌లో ద్రవం లెవెల్ ఎక్కువైతే మోగాల్సిన అలారాల్లో ఒకటి మాత్రం పనిచెయ్యలేదు. దానికి ముందు 1999లో అన్ని రిఫైనరీలూ ఫిక్స్‌డ్ ఖర్చులు 25 శాతం తగ్గించాలని పైనుంచి టార్గెట్ వచ్చింది, 2005కి మళ్లీ ఇంకో 25 శాతం అన్నారు. అదీ యాంబిషస్ టార్గెట్టే కదండీ!

మన దగ్గరికి వద్దాం. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ అనే విషపూరిత రసాయనం ఆవిరి లీకై 12 మంది పోయారు. 36 చోట్ల సైరన్ మోగించే వీలు ఉండి కూడా ఆ రాత్రి మోగించలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే చెప్పింది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో సాల్వెంట్ లీకై 17 మంది. 2025 జూన్ 30న మా పాశమైలారంలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా, వాళ్లలో కొందరి ఆనవాళ్లు కూడా ఇళ్లవాళ్లకి దొరకలేదు. ఆ రోజు మా ఏరియాలో షిఫ్ట్ దిగిన ప్రతివాడి ఫోనూ మోగుతూనే ఉంది, బిహార్ నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి, నువ్వు బాగానే ఉన్నావా అని.

నేను అడిగేది జీరో టార్గెట్ తీసెయ్యమని కాదు. దానికి పళ్లు పెట్టండి అంటున్నా. ముందు కాంట్రాక్ట్ వర్కర్‌కి తగిలిన దెబ్బ కూడా అదే లెక్కలో రావాలి, కాంట్రాక్టర్ ఖాతాలోకి నెట్టేస్తే కుదరదు. దెబ్బల లెక్కతో ఆగకుండా బైపాస్‌లో ఉన్న ఇంటర్‌లాక్‌లు ఎన్ని, తేదీ దాటిపోయిన సేఫ్టీ వాల్వ్ టెస్టింగులు ఎన్ని, ఈ నెల అనుమానం వచ్చి బ్యాచ్ ఆపినవాళ్లు ఎందరు, ఇవి లెక్కపెట్టాలి, ఒకే సెజ్‌లో ఉన్న ప్లాంట్లు పక్కపక్కన పెట్టి చూసుకునేలా ఫ్యాక్టరీల శాఖ వాళ్లు ప్రతి నెలా బయట పెట్టాలి. ఒక ప్లాంట్‌లో ఏడాదంతా ఒక్కరూ పని ఆపలేదంటే నాకైతే అదే భయం వేస్తుంది. ఈల్డ్ తగ్గితే ప్లాంట్ హెడ్ ఇంక్రిమెంట్ తగ్గుతుంది కదా, దెబ్బ తగిలింది దాచారని తేలినా అలాగే తగ్గాలి, చెప్పినవాడి మీద మాత్రం ఈగ వాలకూడదు. గిఫ్టులు ఇవ్వాలనుకుంటే రోజుల లెక్కకి కాదు, బైపాస్‌ని పట్టుకున్న హెల్పర్‌కి ఇవ్వండి. పని ఎలా చెయ్యాలో రాసిన ఎస్ఓపీలు ఇంగ్లిష్‌లో ఉంటాయి, బోర్డులు తెలుగులో ఉంటాయి, రియాక్టర్ మ్యాన్‌హోల్ తీసి పౌడర్ గుమ్మరించేవాడికి ఆ రెండూ రావు, హిందీలోనో ఒడియాలోనో అతనికి అర్థమయ్యేలా షిఫ్ట్ ముందు పది నిమిషాలు చెప్పడానికి పెద్ద ఖర్చేం కాదు.

ఏటా మార్చి 4న సేఫ్టీ డే అని ప్రతిజ్ఞలు చేయిస్తారు, స్లోగన్ పోటీలు పెడతారు, పెట్టనివ్వండి. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, అచ్యుతాపురం యజమానుల్లో ఈ ఉత్తరం చదివినవాళ్లు ఎవరైనా ఉంటే రేపు పొద్దున మీటింగ్‌లో బ్యాచ్ ఎంతవరకు వచ్చింది అని అడిగే ముందు, ఈ రోజు బైపాస్‌లో ఏమేం ఉన్నాయి, ఎవరు ఒప్పుకున్నారు, ఎప్పటికి సరిచేస్తారు అని అడగండి, జవాబు వచ్చేదాకా మిగతా లెక్కలు తియ్యకండి. మీ పేపర్ వాళ్లు కూడా ప్రమాదం జరిగినప్పుడే కాకుండా వేసిన కమిటీలు ఏం చెప్పాయి, అందులో ఎన్ని అమలయ్యాయి అని ఏడాది తర్వాత కూడా వెళ్లి చూసి రాయమని కోరుతున్నా.

ఇట్లు,
ఒక ఫార్మా షిఫ్ట్ ఇన్‌ఛార్జ్,
సంగారెడ్డి జిల్లా