హికరీ విల్లు ముందు ఆరాలి, ఆ తర్వాతే పాలిష్

సంపాదకులకు,

హికరీ పలక తెప్పించుకుని సొంతంగా విల్లు చేసుకునేవాళ్లు కోనసీమలోనూ, భీమవరం, నరసాపురం వైపూ ఉన్నారు. తొలకరి పడ్డాక వాళ్ల ఫిర్యాదు ఒకటే. వేసవిలో చురుగ్గా బాణం వదిలిన విల్లు నీరసించిందంటారు, అల్లెతాడు విప్పినా వంపు పోవడం లేదంటారు. చెక్క మంచిది కాదనుకుని మళ్లీ కొత్త పలక కొంటారు. చెక్కలో లోపం లేదు. లోపల నీరు ఉండగానే విల్లును వంచి, పైన వార్నిష్ కొట్టడమే అసలు చిక్కు.

హికరీ ఉత్తర అమెరికా చెట్టు, అక్రోటు కుటుంబానిది. లాగుడును తట్టుకోవడంలో దానికి సాటి వచ్చే కలప తక్కువ. అందుకే అక్కడ గొడ్డలి, సుత్తి పిడులు దానితోనే చేస్తారు. అయితే గాలిలో తేమను పీల్చుకుంటే దాని సత్తువ పడిపోతుంది. చాలా విల్లు కర్రలు 9, 10 శాతం తేమ దగ్గర బాగా పనిచేస్తే, హికరీకి 6 నుంచి 8 శాతమే ఉండాలి. వానాకాలంలో మన గాలితేమ 80 శాతం ఉన్నప్పుడు నీడన పెట్టిన చెక్క 16 శాతం దగ్గర నిలుస్తుంది. ధాన్యం 17 శాతం తేమతోనైనా కొనుగోలు కేంద్రంలో కాటా ఎక్కుతుంది, విల్లుకు అందులో సగానికి మించితే పనికిరాదు. తేమ చెక్కను వంచితే పొట్టవైపు, అంటే విలుకాడి వైపు ఉండే లోపలి ముఖంలో, నారలు నలిగిపోతాయి, ఆ తర్వాత ఎంత ఆరబెట్టినా లేవవు. కాబట్టి ఆరుదల మొదటి పూర్తి వంపు కంటే ముందే జరగాలి.

ఓడలో వచ్చేముందు బట్టీలో ఆరబెట్టిన పలకే అయినా, అడితిలో ఒక వానాకాలం గడిపితే తేమ మళ్లీ ఎక్కుతుంది. దాన్ని తెచ్చి ఎండలో పడేయకండి. పైపొర ముందు ఆరి ముడుచుకుంటుంది, లోపలిది ముడుచుకోదు, నెర్రెలు పడతాయి. హికరీ ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోయే కర్ర కాబట్టి ఈ బెడద మరీ ఎక్కువ. ముందు రెండు చివరలకూ మైనం గానీ చిక్కటి జిగురు గానీ పూయండి. విల్లు ఆకారానికి కోసి, అంటే 66 అంగుళాల పొడవు, పిడి దగ్గర రెక్క (పిడికి అటూ ఇటూ వంగే భాగం) వెడల్పు 2 అంగుళాలు, కొప్పు (విల్లు కొన) దగ్గర అర అంగుళం, మందం 15 మిల్లీమీటర్లు వచ్చేలా చేసి, అప్పుడు ఆరబెట్టండి. పలకగా ఉంటే నెలలు పట్టేది ఈ మందంలో రెండు మూడు వారాల్లో అవుతుంది.

పుచ్చు పురుగుకు హికరీ తెల్లచెక్క అంటే ఇష్టం. లీటరు వేడి నీటికి 60 గ్రాముల వెలిగారం, 40 గ్రాముల బోరిక్ యాసిడ్ పొడి కలిపి ఈ దశలోనే బ్రష్‌తో పట్టించాలి. పాలిష్ పడ్డాక ఆ మందు లోపలికి దిగదు.

ఆరబెట్టడానికి ఆరడుగుల ప్లైవుడ్ పెట్టె, కింద రెండు పాతరకం 60 వాట్ల బల్బులు, గాలి ఆడటానికి కిందా పైనా నాలుగు చిల్లులు చాలు. ఎల్ఈడీ బల్బులకు ఈ వేడి రాదు. బల్బు చెక్కకు తగలకూడదు. 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమ ఉన్న గాలిని 43 డిగ్రీలకు వేడిచేస్తే దాని తేమ 40 శాతానికి పడిపోతుంది. ఆ గాలిలో హికరీ 7 శాతం దగ్గర స్థిరపడుతుంది. రోజూ వంటింటి కాటా మీద తూచి బరువు రాసుకోండి. నాలుగైదు రోజులు వరసగా గ్రాము కూడా తగ్గకపోతే ఆరినట్టే. తేమ కొలిచే మీటరు ఉన్నవాళ్లు దాన్ని హికరీకి సరిచేసుకోకుండా నమ్మవద్దు. 5 శాతం కంటే దిగనివ్వకండి, పెళుసెక్కుతుంది.

వంపు సరిచూసి, బాణాలు వదిలి విల్లు కుదురుకున్నాక నునుపు పని మొదలుపెట్టాలి. వీపు, అంటే గురి వైపు ఉండే బయటి ముఖం, మీద ఆకురాయి అడ్డంగా నడవకూడదు. స్క్రేపర్‌గానీ పగిలిన గాజు అంచుగానీ నార వెంటే లాగాలి. నాలుగు అంచులనూ 3 మిల్లీమీటర్ల మేర గుండ్రం చేయండి, చీలిక ఎప్పుడూ మూల దగ్గరే లేస్తుంది. ఉప్పు కాగితం 120, 180, 220 నంబర్ల వరసలో పట్టి, ఒకసారి తడిగుడ్డతో తుడిస్తే పడుకున్న నూగు లేస్తుంది. ఒక రోజు పెట్టెలో ఉంచి మళ్లీ 220తో కోసేయండి. చివరగా పాత నైలాన్ చీర ముక్కను వీపు మీద పిడి నుంచి కొప్పుదాకా మెల్లగా లాగండి. ఎక్కడ దారం పట్టుకుంటే అక్కడ చీలిక దాగి ఉంది.

కొబ్బరినూనె పూసేవాళ్లను చూస్తే బాధగా ఉంటుంది. అది ఎన్నాళ్లయినా గట్టిపడే నూనె కాదు, దాని మీద వార్నిష్ కూడా పట్టదు. అవిసె నూనె గట్టిపడుతుంది, అందంగానూ ఉంటుంది, కానీ నీటి ఆవిరిని పెద్దగా ఆపదు. ఆవిరికి లక్క మేలు. లీటరు స్పిరిట్‌కు 120 గ్రాముల లక్క వేసి, మైనం అడుక్కి దిగాక పైతేట మాత్రమే వాడండి, లేకపోతే పైపూత పొరలుగా ఊడుతుంది. ఆరు నెలలు దాటిన ద్రావణం గట్టిపడదు, పారబోయండి. పలుచగా నాలుగు పూతలు, కొప్పుల దగ్గర, అల్లెతాడు పట్టే గాడుల్లో మరో మూడు వేయండి. తెగిన నారల నోళ్లు అక్కడే తెరుచుకుని ఉంటాయి, తేమ ముందు ఆ దారినే ఎక్కుతుంది. దాని మీద రోజుకొకటి చొప్పున మూడు పూతలు ఓడ వార్నిష్. ముసురు పట్టిన రోజున లక్క వేస్తే తెల్లగా పొగచూరినట్టు అవుతుంది. మధ్యాహ్నం పొడి గాలి చూసి వేయండి. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకుంటాయి, విప్పి ఆరేయండి.

ఏ పూతా తేమను పూర్తిగా ఆపదు, ఎక్కే వేగాన్ని తగ్గిస్తుంది. అందుకే పూతలు గట్టిపడ్డాక విల్లు బరువు పిడి మీద పెన్సిల్‌తో రాసిపెట్టండి. 8 శాతం తేమతో 600 గ్రాములు తూగే విల్లు 14 శాతానికి చేరితే దాదాపు 33 గ్రాములు పెరుగుతుంది. 10 గ్రాములు పెరిగితేనే మళ్లీ పెట్టెలో పెట్టండి, తగ్గేదాకా తాడు ఎక్కించవద్దు.

అడితి యజమానులకు ఒక మనవి. హికరీ అమ్మేటప్పుడు బట్టీలో ఆరబెట్టిందా, ఎన్నాళ్లుగా కొట్టులో ఉందో బిల్లు మీద రాసివ్వండి. కొనేవాడు ఎన్ని వారాలు ఆరబెట్టాలో దాన్నిబట్టే తేలుతుంది.

ఇట్లు,
విల్లు పని చేసే కొందరు,
అమలాపురం